సీనియర్ ఏమీ నేర్పడం లేదనుకుంటున్న జూనియర్ వకీలుకి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బార్ కౌన్సిల్‌లో వకీలుగా ఎన్‌రోల్ అయి ఎనిమిది నెలలైంది. జిల్లా కేంద్రంలో సివిల్ వైపు పేరున్న సీనియర్ దగ్గర చేరారు. ఆయన మంచివారే, కసురుకోరు, కానీ ఏమీ నేర్పరు. పొద్దున్నే నాలుగు ఫైళ్లు చేతిలో పెట్టి 'వాయిదా తీసుకురా' అంటారు. సాయంత్రం ఆయనకు క్లయింట్లతోనే సరిపోతుంది. పైగా మీది తెలుగు మీడియం, కోర్టు కాగితాలు ఇంగ్లిష్‌లో రాసే డ్రాఫ్టింగ్ అంటే టెన్షన్. ఇలాగే మూడేళ్లు గడిచిపోతే చేతిలో ఏం మిగులుతుందని మీ భయం.

నేను ఇరవై రెండేళ్లుగా జిల్లా కోర్టుల్లోనే ప్రాక్టీసు చేస్తున్నాను. మొదటి ఆరేళ్లు ఒకే సీనియర్ దగ్గర ఉన్నాను. ఆ తర్వాత నా ఆఫీసుకి వచ్చి వెళ్లిన జూనియర్లు పదకొండు మంది. బల్లకి రెండు వైపులా కూర్చున్నవాణ్ణి కాబట్టి ఉన్నమాట చెబుతాను. మీ సీనియర్ తీరిక చేసుకుని మిమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పే రోజు రాదు. మా సీనియర్ నాకు చెప్పలేదు, నేను మా జూనియర్లకు చెప్పలేదు. ఇష్టం లేక కాదు, మాకు పాఠం చెప్పడం రాదు. మాకు వచ్చింది ఒకటే: ఎదురుగా ఉన్న కాగితంలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. అందుకని తప్పు పట్టడానికి ఒక కాగితాన్ని మీరే తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాలి. ఈ సంగతి తలకెక్కడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

అసలు మన వృత్తిలో శిక్షణ అన్నది చట్టంలో ఉందా అంటే, ఒకప్పుడు ఉండేది. 1961 అడ్వకేట్స్ యాక్ట్‌లో ఎన్‌రోల్‌మెంట్‌కి ముందు శిక్షణ పొంది పరీక్ష పాసవ్వాలనే షరతు ఉండేది. 1973 సవరణలో దాన్ని తీసేశారు. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏడాది శిక్షణ తప్పనిసరి చేస్తూ రూల్స్ తెస్తే, ఆ అధికారం కౌన్సిల్‌కి లేదని వి.సుధీర్ కేసులో 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు మిగిలింది బేర్ యాక్టులు (వ్యాఖ్యానాలు లేని చట్టాల పుస్తకాలు) పక్కన పెట్టుకుని రాసే ఆలిండియా బార్ ఎగ్జామ్. డాక్టర్లకు హౌస్ సర్జన్సీ ఉంది, సీఏ వాళ్లకు ఆర్టికల్‌షిప్ ఉంది, మనకు అలాంటిదేమీ లేదు. మీ సీనియర్ మీకు ఏం నేర్పాలో ఎక్కడా రాసి లేదు. నేర్పకపోతే అడిగేవాళ్లూ లేరు. కాబట్టి ఆ సిలబస్ ఏదో మీరే రాసుకోవాలి.

ముందు వాయిదాల సంగతి చూద్దాం. దీన్ని మీరు చాలా తక్కువగా చూస్తున్నారు.

చేరిన మొదటి నెలలో నన్ను ఒక పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావాలో వాయిదాకి పంపారు. కేసు పిలిచారు. లేచి, 'మా సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు సర్, టైం ఇప్పించండి' అన్నాను. జడ్జి గారు తలెత్తకుండానే, 'మీ సీనియర్ గారు ఎక్కడున్నారని నేను అడగలేదు, ఇది ఏ స్టేజీలో ఉందో చెప్పండి' అన్నారు. నాకు తెలియదు. ఫైలు నా చంకలోనే ఉంది, తెరిచి చూస్తే తెలిసేది, చూడలేదు. వెనక బెంచీల్లో కూర్చున్న వాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆ రోజు నుంచి ఒక పనికి అలవాటు పడ్డాను. ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. నా చేతికి వచ్చిన ప్రతి ఫైలుకీ ఒక పేజీ: నంబరు, పార్టీలు, వాది ఏం కావాలంటున్నాడో ఒక్క వాక్యం, ప్రతివాది ఏమంటున్నాడో ఇంకో వాక్యం, ఇప్పుడు ఏ స్టేజీ, మన వైపు నుంచి బాకీ పడింది ఏమిటి. కింద పెన్సిల్‌తో ఇంకో లైను రాసేవాణ్ణి: 'దీని తర్వాత సర్ ఏం చేస్తారు?' అది నా ఊహ. రెండు మూడు వాయిదాల తర్వాత ఆయన ఏం చేశారో చూసి దాని పక్కన రాసుకునేవాణ్ణి. మొదట్లో అన్నీ తప్పులే. స్థలం చూసి రిపోర్టు ఇవ్వడానికి కమిషనర్ని వేయమని పిటిషన్ పెడతారనుకుంటే ఆయన సర్వేయర్ని సాక్షిగా పిలిచారు. ఇంకొకర్ని ఇంప్లీడ్ చేస్తారనుకుంటే, అంటే కేసులో పార్టీగా చేరుస్తారనుకుంటే, వదిలేశారు. ఎందుకు వదిలేశారన్న ప్రశ్న ఒకటి పుట్టింది కదా, అదే నాకు కావలసిన పాఠం. రోజుకి నాలుగు ఫైళ్ల లెక్కన మూడు నాలుగు నెలలు తిరిగేసరికి ఆఫీసులో నడుస్తున్న కేసుల్లో చాలా భాగం మీ నోట్‌బుక్‌లోకి వచ్చేస్తాయి.

తిరిగి వచ్చాక ఏం చెప్పారన్నదీ ముఖ్యమే. 'వాయిదా పడింది సర్' అంటే అది కబురు కాదు. 'పద్నాలుగుకి వేశారు సర్. అవతలి వాళ్లు కౌంటర్ ఇంకా వేయలేదు, ఇదే చివరి అవకాశమని డాకెట్‌లో రాశారు. ఆ రోజూ వేయకపోతే వాదనలు వినేస్తామన్నారు, మనం రెడీగా ఉండాలి' అంటే ఆయన తల ఎత్తి చూస్తారు. నా దగ్గరున్న పదకొండు మందిలో ఇలా చెప్పినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరికీ తెలియకుండానే పెద్ద ఫైళ్లు వాళ్ల చేతికి వెళ్లడం మొదలైంది. అభిమానం వల్ల కాదు. నాకు తలనొప్పి తగ్గుతుంది కాబట్టి.

ఇక ఎర్ర పెన్ను సంగతి.

రెండో ఏట ఒక ప్రోనోటు దావా వచ్చింది. క్లయింటు ఇంకా హాల్లో కూర్చునే ఉన్నాడు. నేను రాస్తాను సర్ అన్నాను, అడగకుండానే. ఆయన సరే అన్నారు. రాత్రి పదకొండు దాకా కూర్చుని తొమ్మిది పేజీల ప్లైంటు, అంటే వాది తరఫు దావా పత్రం, రాశాను. వాది ఎంత నమ్మకస్తుడో, ప్రతివాది ఎంత మోసగాడో, ఎన్నిసార్లు ఇంటి చుట్టూ తిప్పుకున్నాడో అన్నీ ఉన్నాయి. మర్నాడు పొద్దున ఆయన ఎర్ర పెన్ను తీసి చదవడం మొదలుపెట్టారు. రెండో పేజీ కొట్టేశారు. మూడు, నాలుగు కొట్టేశారు. చివరికి మిగిలింది రెండున్నర పేజీలు. మార్జిన్లో ఒకే ఒక్క మాట రాసి కాగితం నావైపు తోశారు. 'చెల్లు?'

నాకు అర్థం కాలేదు. ఆయన ఒరిజినల్ ప్రోనోటు తీసి తిరగేసి బల్ల మీద పెట్టారు. వెనకవైపు వెయ్యి రూపాయలు ముట్టినట్టు ప్రతివాది సంతకంతో చెల్లు ఉంది. నేను ముందువైపే చదివాను. ప్రోనోటు తేదీ నుంచి లెక్కేస్తే దావా వేయడానికున్న మూడేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది. చెల్లు తేదీ నుంచి లెక్కేస్తేనే దావా గడువులో ఉంది. ఆ ముక్క ప్లైంటులో రాయకపోతే, పైకి చూడటానికి అది కాలదోషం పట్టిన దావా. గడువు దాటినట్టు కనిపించే దావాలో ఏ కారణంతో మినహాయింపు అడుగుతున్నామో ప్లైంటులోనే చెప్పాలని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 7 రూల్ 6 అంటుంది. ఆ రూలు నేను లా కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఆ కాగితం తిరగేసేదాకా అది నాకు తెలియదన్నట్టే.

ఆయన అన్న మాటలు మొత్తం కలిపి పది కూడా ఉండవు. కానీ ఇప్పటికీ చేతికి ఏ కాగితం వచ్చినా ముందు తిరగేసి చూస్తాను. ప్రోనోటే కానక్కర్లేదు, పెళ్లి కార్డయినా సరే. ఇంట్లో నవ్వుతారు.

ఇందులో మీకు పనికొచ్చేది చెబుతాను. నేను 'ప్రోనోటు దావా ఎలా రాయాలి సర్' అని అడిగి ఉంటే ఆయన 'పాత ఫైలు ఒకటి చూడు' అనేవారు. మీ సీనియర్ కూడా అదే అంటున్నారు కదా? అది విసుగు కాదు. ఆ ప్రశ్నకు అంతకన్నా జవాబు లేదు. అదే తప్పులతో ఉన్న తొమ్మిది పేజీలు ముందుంటే, ఆయనకు తెలిసిందంతా ఆ మార్జిన్లో పడుతుంది. కాబట్టి మీకు పని ఇచ్చేదాకా ఆగొద్దు. ఆఫీసుకి కొత్త కేసు వచ్చిందంటే, డ్రాఫ్ట్ ఆయనే చేసుకుంటారని తెలిసినా మీ వర్షన్ ఒకటి మీరు రాసుకోండి. ఆయనది టైపయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు రాసి ఆయన రాయనిదేమిటి, ఆయన రాసి మీకు తట్టనిదేమిటి? వారానికి ఒకసారి అందులోంచి ఒకే ఒక్క తేడా తీసుకెళ్లి అడగండి. పది తీసుకెళ్తే 'తర్వాత చూద్దాం' అంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఎర్ర గీతలు పడ్డ డ్రాఫ్టులు పారేయకండి. నావి ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఆరు నెలలకోసారి తీసి చూస్తే, ఏ తప్పు మళ్లీ మళ్లీ చేస్తున్నామో కనిపిస్తుంది. నాది షెడ్యూల్, అంటే ఆస్తి వివరాలు రాసే చోటు. హద్దుల్లో తూర్పు పడమరలు తారుమారు చేసేవాణ్ణి. నాలుగో డ్రాఫ్టులో కూడా అదే తప్పు కనిపిస్తే ఆయన గీత పెట్టలేదు, పక్కన సూర్యుడి బొమ్మ వేశారు.

అడగడంలోనూ పద్ధతి ఉంది. దావాకి ప్రతివాది ఇచ్చే జవాబే రిటన్ స్టేట్‌మెంట్. 'రిటన్ స్టేట్‌మెంట్‌లో మార్పు చేయాలంటే ఏం చేయాలి సర్' అన్నది ఒక ప్రశ్న. 'ఆర్డర్ 6 రూల్ 17 కింద పిటిషన్ రాశాను సర్. ట్రయల్ మొదలైంది కాబట్టి, ఎంత జాగ్రత్త తీసుకున్నా ఈ విషయం ముందు ఎందుకు తెలియలేదో మూడో పేరాలో పెట్టాను. ఆ కారణం నిలుస్తుందా?' అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి ఆయన పుస్తకం చూడమంటారు. రెండోదానికి ఆయన కళ్లద్దాలు పెట్టుకుంటారు. మొదటి ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉంది. నిలుస్తుందా లేదా అన్నది మాత్రం పాతికేళ్లు ఆ హాళ్లలో నిలబడిన మనిషికే తెలుస్తుంది. పుస్తకంలో దొరికేది ఆయన్ని అడిగి ఆ సమయాన్ని పాడు చేసుకోవద్దు.

ఎప్పుడు అడగాలి? పొద్దున పదిన్నరకి కోర్టు మొదలయ్యే ముందు వద్దు. క్లయింటు ఎదురుగా అసలే వద్దు. కేసు ఓడిన సాయంత్రం వద్దు, ఆ రోజు ఆయనకే ఎవరైనా చెప్పాలి. నాకు బాగా కలిసొచ్చింది కారు. పక్క ఊరి కోర్టుకి వెళ్లే రోజు డ్రైవర్ పక్కన కూర్చుని ఫైలు చదివి వినిపించేవాణ్ణి. గంట ప్రయాణం, ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, ఆయన ఎక్కడికీ వెళ్లలేరు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న దాంట్లో సగం ఆ రోడ్డు మీదే. మీ సీనియర్‌కి కారు ప్రయాణాలు లేకపోతే ఇంకేదో ఉంటుంది: సాయంత్రం టీ, శనివారం మధ్యాహ్నం, ఫైళ్లు సర్దుకునే చివరి పది నిమిషాలు. కనిపెట్టి ఉండండి.

ఇంకో విషయం, చాలామంది జూనియర్లు చేజార్చుకునేది. తమ కేసు అయిపోగానే క్యాంటీన్‌కి పోతారు. నేనూ పోయేవాణ్ణి. తర్వాత్తర్వాత మంచి క్రాస్ ఎగ్జామినేషన్ (అవతలి వైపు సాక్షిని ప్రశ్నించడం) ఎవరిదైనా సరే, అవతలి పార్టీ వకీలుదైనా సరే, వెనక కూర్చుని వినడం మొదలుపెట్టాను. ఊరికే వింటే నిద్రొస్తుంది. సాక్షి చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాసుకోవాలి. మన ట్రయల్ కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జి గారు దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి టైప్ చేయిస్తారు. ఆ మధ్యలో ఏదో ఒకటి జారిపోతూ ఉంటుంది.

మూడో ఏట ఒక ఇంజంక్షన్ (అడ్డురావద్దని కోర్టు ఉత్తర్వు కోరే) దావా. మేం ప్రతివాది తరఫున ఉన్నాం. పొలం తన స్వాధీనంలోనే ఉందని వాది వాదన. సర్ క్రాస్‌లో, పొలంలోకి ఇప్పుడు వెళ్తున్నారా అని అడిగారు. 'అప్పుడప్పుడు వెళ్లి చూసొస్తుంటామండి' అన్నాడు వాది. టైపు అయ్యేటప్పటికి వాళ్లు పొలానికి వెళ్తుంటారు అని పడింది. 'అప్పుడప్పుడు' పోయింది. 'చూసొస్తుంటాం' కూడా పోయింది. సాగు చేసేవాడు అప్పుడప్పుడు వెళ్లి చూసి రాడు కదా? నా దగ్గర తెలుగు మాట రాసుకుని ఉంది. చీటీ మీద ఆ మాట రాసి సర్ మోచేతి దగ్గరికి జరిపాను. ఆయన అప్పటికే తర్వాతి ప్రశ్నకు వెళ్లబోతున్నారు, ఆగారు. సాక్షి అన్న మాట పూర్తిగా రికార్డు కాలేదని చెప్పారు. జడ్జి గారు సాక్షిని మళ్లీ అడిగారు, ఆయన మళ్లీ అదే అన్నాడు, టైపు మారింది. కేసు గెలవడంలో ఆ మాట పాలు ఎంతో నేను చెప్పలేను. కానీ ఆ తర్వాత క్రాస్ ఉన్న ప్రతి రోజూ నా కుర్చీ ఆయన పక్కనే. అడిగి తెచ్చుకున్న చోటు కాదది.

అప్పటి నుంచీ ఆయన క్రాస్‌కి ముందు రోజు నా ప్రశ్నలు నేను రాసుకునేవాణ్ణి. ఒకసారి నాకు చాలా గొప్పదనిపించిన ప్రశ్న ఒకటి రాశాను: అగ్రిమెంటు రాసిన రోజు సాక్షి ఊళ్లో ఉన్నాడా లేడా అని. ఆయన అది అడగనే లేదు. కారులో అడిగాను, ఎందుకు వదిలేశారని. 'ఉన్నానంటే మనకేం ఒరుగుతుంది? లేనంటే, అతన్ని అక్కడే చూశానని చెప్పిన మన రెండో సాక్షి ఏమవుతాడు?' అన్నారు. నేను అవతలి సాక్షినే చూస్తున్నాను, ఆయన మొత్తం ఫైలు చూస్తున్నారు.

తప్పు చేసిన రోజు గురించి కూడా చెప్పాలి. సీనియర్‌తో మీ సంబంధం ఎలాంటిదో ఆ రోజే తేలుతుంది.

నేను డైరీలో 7 బదులు 17 రాసుకున్నాను. ఆ ఏడో తారీఖు మా క్లయింటు రిటన్ స్టేట్‌మెంట్ వేయాల్సిన చివరి వాయిదా. ఎవరూ వెళ్లలేదు. ప్రతివాదిని ఎక్స్‌పార్టీ చేసి, అంటే అతను లేకుండానే కేసు నడపాలని ఆర్డర్ వేసి, ఎవిడెన్స్‌కి వేశారు. తొమ్మిదో తారీఖు సాయంత్రం వేరే పని మీద వెళితే బెంచ్ క్లర్క్ చెప్పాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవరికీ తెలియకుండా నేనే ఎలాగో సర్దేయొచ్చా అని తెల్లవార్లూ ఆలోచించాను. పొద్దున ఏడింటికి సర్ ఇంటికి వెళ్లి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. 'ఎవిడెన్స్‌కి ఎప్పుడు వేశారు?' అన్నారు. తర్వాత, 'రాత్రే ఎందుకు చెప్పలేదు?' అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఎక్స్‌పార్టీ ఆర్డర్ తీసేయమని ఆర్డర్ 9 రూల్ 7 కింద పిటిషన్ రాయమన్నారు, రిటన్ స్టేట్‌మెంట్ కూడా అదే రోజు సిద్ధం చేయాలన్నారు. అఫిడవిట్‌లో నేను అందరూ రాసేదే రాశాను, ప్రతివాదికి జ్వరం వచ్చిందని. మన కోర్టుల్లో ఉన్నన్ని జ్వరాలు పెద్దాసుపత్రిలో కూడా ఉండవు. ఆయన ఆ పేరా కొట్టేసి, వకీలు ఆఫీసులో తేదీ తప్పు రాసుకున్నారని ఉన్నదున్నట్టు రాయించారు. క్లయింటుని పిలిచి నా ఎదుటే చెప్పారు, పొరపాటు మాదేనని. నా పేరు ఎత్తలేదు, 'మా ఆఫీసు' అన్నారు. పిటిషన్ ఖర్చులతో అలౌ అయింది, ఆ డబ్బు ఆయనే కట్టారు. ఆ తర్వాత ఆఫీసు డైరీ, నా జేబు డైరీ రెండూ రోజూ రాత్రి గుమాస్తాతో కలిసి సరిచూసుకోవడం మొదలైంది. ఇప్పుడు ఈకోర్ట్స్ యాప్ వచ్చింది, తేదీ ఫోన్లోనే కనిపిస్తుంది. అయినా నేను ఆ సరిచూడటం మానలేదు.

తప్పు జరిగితే ఆ సాయంత్రమే చెప్పండి. ఒక రాత్రి దాచినా, మీరు చెప్పే మిగతా వాయిదాలన్నిటినీ ఆయన మళ్లీ చెక్ చేసుకోవలసిన పరిస్థితి వస్తుంది.

గుమాస్తా అన్నాను కదా, మీ ఆఫీసులో ఉన్న రెండో గురువు ఆయనే. 'గారు' అని పిలవండి. మా గుమాస్తా గారు పదో తరగతి దాకా చదివారు. కానీ ప్లైంటు ఎందుకు రిటర్న్ అయిందో కోర్టు ఆఫీసు తప్పులు రాసి ఇచ్చే చెక్ స్లిప్ చూడకుండానే చెప్పేవారు. కోర్టు ఫీజు ఏ సెక్షన్ కింద లెక్కకట్టాలి, సమన్లు పంపడానికి కట్టే బత్తా ఎప్పటిలోగా కట్టాలి, కట్టకపోతే ఏమవుతుంది, కాపీ అప్లికేషన్ ఎక్కడ ఆగిపోతుంది, ఇవన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ అనే పుస్తకం ఉందని నాకు మొదట చెప్పింది కూడా ఆయనే, లా కాలేజీ కాదు. జూనియర్లు చాలామంది డిగ్రీ చూసుకుని ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు. తర్వాత వాళ్ల ప్లైంట్లు మూడేసి సార్లు రిటర్న్ అవుతుంటాయి, ఎందుకో వాళ్లకు తెలియదు.

డబ్బు గురించి మీరు రాయలేదు, కానీ మొహమాటంతో దాన్ని వదిలేయొద్దు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసే, శాసనం కాదు, జిల్లాల్లో చాలా ఆఫీసులు దాని దరిదాపుల్లో కూడా లేవు. అయినా చేరేటప్పుడే ఎంతో మాట్లాడుకోవడం మంచిది. పెట్రోలు ఖర్చులకే లోపల మండుతున్న మనిషికి ఏ పాఠమూ ఎక్కదు. ఇప్పుడు ఇంకో రకం జూనియర్లు కూడా వస్తున్నారు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకు పదేళ్ల అనుభవం ఉన్న వకీలు సర్టిఫికెట్ కావాలి. మీ మనసులో జడ్జి పరీక్ష ఉంటే సీనియర్‌కి ముందే చెప్పేయండి. చెప్పినవాళ్లకు నేను జడ్జిమెంట్ రాయడానికి పనికొచ్చే ఫైళ్లు ఇస్తాను. దాచినవాళ్లకు ఏమిస్తాను?

అందరు సీనియర్లూ మా సీనియర్‌లాంటి వాళ్లని నేను అనడం లేదు. మీ డ్రాఫ్టులు ఏడాదిపాటు వరసగా ముందు పెట్టినా ఒక్కటీ చదవని వాళ్లున్నారు. జూనియర్‌ని కూరగాయలకు పంపే వాళ్లున్నారు. అబద్ధపు అఫిడవిట్ మీద సంతకాలు పెట్టించమనే వాళ్లున్నారు. ఆఖరి రకం దగ్గర ఒక్క రోజు కూడా ఉండకండి. అసభ్యంగా ప్రవర్తిస్తే అంతకన్నా ముందే బయటికి వచ్చేయండి, బార్‌లో మీకు నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పి మరీ రండి. మిగతా సందర్భాల్లో ఒక ఏడాది నిజాయితీగా ప్రయత్నించి, అప్పుడు మారండి. మారేటప్పుడు ఫైళ్ల లిస్టు రాసి, ఏది ఏ స్టేజీలో ఉందో చెప్పి, ఆఫీసు డైరీ అప్పగించి రండి. క్లయింట్లను వెంటబెట్టుకుని రావద్దు. జిల్లా బార్ చిన్న ఊరు లాంటిది. రేపు ఆయనే మీకు అవతలి పక్షం వకీలవుతారు, టైం కావాలని మీరు ఆయన్నే అడగాల్సి వస్తుంది.

ఎనిమిది నెలలకే మారాలనిపిస్తోందంటే మాత్రం కాస్త ఆగమంటాను. మీరు రాసిన దాంట్లో ఆయన మీ డ్రాఫ్ట్ చదవలేదని ఎక్కడా లేదు. మీరు ఒక్క డ్రాఫ్ట్ అయినా ఇచ్చారని కూడా లేదు.

చివరిగా తెలుగు మీడియం. ప్లైంటు ఇంగ్లిష్ అంటే షేక్‌స్పియర్ కాదు. తిరిగి తిరిగి వచ్చేవి కొన్ని వాక్యాలే. మీ సీనియర్ రాసిన ప్లైంటుల్లోంచి రోజుకో పేరా చేత్తో ఎత్తి రాయండి, కంప్యూటర్లో కాపీ పేస్ట్ వద్దు. ఆరు నెలల్లో ఆ వాక్యాలు వాటంతటవే వస్తాయి. అన్నట్టు, 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు డివిజన్ బెంచ్ ఒక ఆస్తి తగాదాలో తెలుగులోనే తీర్పు ఇచ్చింది. కాబట్టి మన భాష కోర్టుకు పనికిరాదని ఎవరైనా అంటే నమ్మకండి.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. సివిల్ ఫైలంటే సగం పాత కాగితాలు. క్రయ దస్తావేజులు, పారీఖత్తులు (పంపకాల పత్రాలు), దఖలు దస్తావేజులు (దానంగా రాసిచ్చినవి), వీలునామాలు, అడంగల్లు, పహాణీలు (ఊరి సాగు రికార్డులు). చాలావరకు తెలుగులోనే ఉంటాయి, అదీ చుట్టలు చుట్టిన చేతిరాతలో. ఇంగ్లిష్ మీడియంలో చదివొచ్చిన మా కుర్రాడు ఒకడు ఇంగ్లిష్‌లో అదరగొట్టేవాడు, పారీఖత్తు చేతికిస్తే బిక్కమొహం వేసేవాడు. 1950ల నాటి దస్తావేజులో 'యావత్తు హక్కు భుక్తములతో' అని ఉన్నచోట ఆగిపోయి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు. మీకు ఆ ఇబ్బంది లేదు. మీ ఆఫీసులో లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు) లావుగా ఉన్న ఫైలు ఏదో గుమాస్తా గారిని అడిగి తీసుకోండి. కాగితాలన్నీ తేదీల వరసలో పెట్టి, ఎవరి నుంచి ఎవరికి, ఎన్ని సెంట్లు, ఏ హద్దులు అని ఒక్క పేజీలో రాయండి. హద్దులు మారిన చోట, విస్తీర్ణం తేడా వచ్చిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ పేజీ శనివారం మధ్యాహ్నం ఫైలు పైన పెట్టి ఆయన బల్ల మీద ఉంచి వెళ్లండి. సోమవారం ఆయన ఏమన్నారో నాకు రాయండి.